కుడిపక్క మనిషి కూడలిలో

ధర్మపురి వెళ్లొచ్చానంటే మనవాళ్లంతా గోదావరి స్నానం చేశారా, నరసింహస్వామిని చూశారా అని అడుగుతున్నారు. నేను వెళ్లింది ఆ ధర్మపురికి కాదు. ఇది తమిళనాడులోది, బెంగుళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి దాటాక వస్తుంది. అక్కడికి జలపాతం కోసం వెళ్లేవాళ్లున్నారు, మామిడికాయల బేరానికి వెళ్లేవాళ్లున్నారు. నేను నా నవలకు ఒక్క నవ్వయినా దొరుకుతుందేమోనని వెళ్లాను.

ఆ నవల పేరు ‘కుడిపక్క మనిషి’. మీరు చదివి ఉండరు, నొచ్చుకోను. అటువైపు ఊళ్లలో మనిషి పోతే పూట తిరిగేలోగా కూడలిలో ఫ్లెక్సీ కట్టాలి. పైన పెద్ద అక్షరాలతో ‘కన్నీర్ అంజలి’, నడుమ పోయినవాళ్ల బొమ్మ, కింద ఏడ్చేవాళ్ల చిన్న చిన్న బొమ్మలు. మన దగ్గరా వచ్చాయి గానీ, అక్కడ అది లేకపోతే మనిషి సరిగ్గా పోనట్టే. నా నవలలో అన్న చనిపోతాడు. అతనికి ఒంటరిగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లిలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటో ఒకటుంటే, తమ్ముడు దాన్ని ఫ్లెక్సీ కొట్టుకు పంపి ‘కుడిపక్క ఉండేది మా అన్న’ అని చెబుతాడు. అతను చెప్పింది తన కుడిపక్క. కొట్టువాడు తీసుకున్నది తనకు కనబడిన కుడిపక్క. బతికున్న తమ్ముడి బొమ్మకు దండ పడుతుంది. విప్పేద్దామంటే, కర్మ కాకుండా విప్పితే దోషమని పెద్దలు పట్టుబడతారు. పాపం ఆ తమ్ముడు పదహారు రోజులు తన చావు ఫ్లెక్సీ కిందనుంచే పాలకు పోయొస్తుంటాడు.

ఇది నేను కల్పించింది కాదు. నా సరోజ వాళ్లింట్లో జరిగింది. నేనూ ఆమే బెంగుళూరులో పాతికేళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఇద్దరం పెళ్లిళ్లు చేసుకోని ఆడవాళ్లం. నేను ఇన్సూరెన్సు ఆఫీసు, ఆమె బట్టల ఫ్యాక్టరీ. పోయింది సరోజ తండ్రి, బొమ్మ పడింది ఆమె చిన్నాయనది. ఈ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పేదో! చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆమెకు నవ్వు తన్నుకొచ్చి కథ ఆగిపోయేది, కింది వాటాలోవాళ్లు తలుపు కొట్టేవాళ్లు.

రెండేళ్ల కిందట సరోజ పోయింది. ఆస్పత్రి నుంచి ఊరికి పోయే అంబులెన్సులో ఆమె అన్నకూ వదినకూ మాత్రమే చోటు దొరికింది. నేను ఇంటికొచ్చి ఆమె కాఫీ గ్లాసు కడిగి బోర్లించాను. ఆఫీసువాళ్లు “రూమ్మేటా? పాపం” అని టీకి వెళ్లిపోయారు. భర్త పోయినవాళ్లను పలకరించడానికి జనం వస్తారు, అక్క పోయినవాళ్లనూ పలకరిస్తారు. నన్ను ఏమని పలకరించాలో ఎవరికీ తెలియలేదు. సరోజ ఫ్లెక్సీ ఫోటో నాకు ఫోనులో వచ్చింది. కింది వరసలో అన్న, వదిన, పిల్లలు, ఎవరో వార్డు మెంబరు కూడా ఉన్నాడు. నేను లేను. నేనేమవుతానని పెడతారు?

అందుకని మా ఊరు హిందూపురం వచ్చేసి నవల రాశాను. ఇద్దరం నవ్విన నవ్వు నాతోనే అణగారిపోకూడదనుకున్నాను.

ధర్మపురి

బస్సు దిగేసరికి మధ్యాహ్నం. లాడ్జి గుమాస్తా నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని మెడ చాచి చూశాడు. “ఒక్కరేనా?” అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. ఆధార్ కార్డు రెండుసార్లు తిప్పి చూసి, మెట్లు ఎక్కలేనన్నా మూడో అంతస్తు గది ఇచ్చాడు.

బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాను. సాంబారు బకెట్లతో తిప్పుతూ పోస్తూనే ఉంటారు. మన దగ్గర రెండో గిన్నె అడిగితే చూసే చూపు అక్కడ లేదు. కాఫీ పదిహేను రూపాయలు, చిక్కగా, నాకు తగినదానికంటే తీపిగా ఉంది. చక్కెర తక్కువ అని తమిళంలో చెప్పడం సరోజ నేర్పింది గానీ, సమయానికి నోటికి రాలేదు.

సాయంత్రం ఫ్లెక్సీ కొట్లున్న వీధి వెతుక్కుంటూ పోయాను. నవలలో ఆ వీధి మీద మూడు పేజీలు రాసి, వీధిని అప్పుడే చూస్తున్నాను. ఒకే యంత్రంలోంచి పెళ్లికూతురు, పుట్టినరోజు పాప, నాయకుడి నమస్కారం, పోయిన తాత ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. తాత ఇంకా తడిగా ఉన్నాడని ఆరేదాకా పక్కన ఆనించారు. నాకు నవ్వొచ్చి పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు. నవ్వు వచ్చినప్పుడు పక్కకు తిరగడం పాత అలవాటు, ఇంకా పోలేదు.

గదిలో దోమలు. నిద్ర పట్టక, సంచిలో తెచ్చుకున్న సమీక్షలు మళ్లీ చదివాను. పుస్తకానికి పేరు రాలేదని అనను, వచ్చింది. ఆదివారం అనుబంధంలో ఒకాయన ‘రాజ్యం ముందు పౌరుడి అస్తిత్వ సంక్షోభానికి ప్రతీక’ అన్నాడు. మా పాలు తెచ్చుకునే చిన్నాయనకు అంత పని ఉందని నాకు తెలియదు. ఒక మాసపత్రికలో ఒకావిడ, ‘బతికున్నవాడి బొమ్మను అన్ని రోజులు ఉంచే కుటుంబం ఎక్కడైనా ఉంటుందా? రచయిత్రి జీవితాన్ని చూడలేదు’ అని తేల్చేసింది. విజయవాడ సభలో తెల్లపంచె పెద్దాయన చావుతో పరిహాసమేమిటని కోప్పడ్డాడు. పోయిన అన్న కూతురు నవ్వే దృశ్యమైతే ఆయనకు మరీ ఒళ్లు మండిపోయింది. ఆ కూతురు నాన్నకు బాగాలేదని కబురందుకుని బెంగుళూరు నుంచి వచ్చి బస్సు దిగి, కూడలిలో చిన్నాయన బొమ్మ చూసి, పోయింది ఆయనే అనుకుని, నాన్నకేం కాలేదని ఓ పక్క ఊరట పడుతూ, ఊరట పడ్డందుకు ఏడుస్తూ ఇంటికి పరుగెత్తుతుంది. గుమ్మంలో చిన్నాయన నిలబడి ఉంటాడు. ఆయన్ను పట్టుకుని పకపకా నవ్వుతుంది. ఆ తరవాత లోపల పడుకోబెట్టిన తండ్రిని చూస్తుంది. అది సరోజే. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ ఒక విషయంలో కలిశారు. చదువుతూ నవ్వామని ఒక్కరూ అనలేదు.

పెన్నాగరం దారి

సరోజ వదిన గోవిందమ్మ ఫోను చేయబట్టే ఈ ప్రయాణం పడింది. “ఏందో పుస్తకం రాసినారంట గదక్కా. మా చిన్నాయన వినాలంటాడు. సరోజ నినైవంజలికి కూడా ఉండినట్టు అవుతాది, రాండి” అంది. నినైవంజలి అంటే ఏడాదేడాదికీ కట్టే తలపు ఫ్లెక్సీ. ఆమెకు గానీ చిన్నాయనకు గానీ ఇంట్లో తెలుగు మాటే తప్ప తెలుగు అక్షరం రాదు. అచ్చమైన పాఠకులు దొరికారని పొంగిపోయాను.

చిన్నాయన పెరుమాళ్ నాయుడు ఇప్పుడు పెన్నాగరం పక్కన కూతురింట్లో ఉన్నాడు. దారంతా ఎర్రమట్టి చేలు, చింతచెట్లు, రాళ్లగుట్టలు. మా అనంతపురం జిల్లాను కొంచెం ఎత్తుకు ఎక్కించినట్టుంది. ఇంట్లో అడుగుపెట్టగానే కూతురు రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. వాళ్లు ముద్దను కళి అంటారు. మేము మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటాం, వాళ్లు తుంచి ముంచుకుంటారు. నేను గుంట చేస్తుంటే కూతురు నోరు మూసుకుని నవ్వింది. ఈ ముద్దకు వచ్చిన నవ్వు నా పుస్తకానికి వస్తే చాలనుకున్నాను.

పెరుమాళ్ నాయుడు సన్నగా, పొడుగ్గా, చెవుల నిండా వెంట్రుకలతో ఉన్నాడు. చాప మీద కూచోబెట్టి, “చదువు మా” అన్నాడు.

చదివాను. ఎప్పుడూ సభల్లో కూడా అంత భయపడలేదు. నా పుస్తకం తెలుగు ఆయన ఇంటి తెలుగు కాదు. అక్కడక్కడ ఆపి, “అంటే?” అని అడిగేవాడు. నేను చెబితే తలూపేవాడు. ఫ్లెక్సీ కొట్టు దగ్గర నవ్వలేదు. కర్మ చేయించే అయ్యగారు బతికున్న తమ్ముణ్ణి చూసి దడుచుకునే చోట కూడా నవ్వలేదు. నవలలో కూతురు నవ్వే చోటికి వచ్చేసరికి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

“ఆ పిల్ల నవ్వింది నిజమే” అన్నాడు. “నేను బతికుండాననేదానికి ఆ దినం సంతోషపడింది అదొకతే.”

నీళ్లు తాగి చివరి అధ్యాయం చదివాను. అందులో తమ్ముడు తెల్లవారుజామున కొడవలి తీసుకుపోయి ఫ్లెక్సీని పరపరా చించేస్తాడు. విమర్శకులంతా మెచ్చుకున్నది ఆ ఒక్క అధ్యాయాన్నే.

“నేనెక్కడ చించినాను?” అన్నాడు పెరుమాళ్ నాయుడు.

“కథ కోసం అలా రాశాను చిన్నాయనా.”

“చించలే మా. నేనేం చేసినానో ఎవురికీ చెప్పలే. నీకు చెప్తా, నువ్వు సరోజకు కావలసినదానివి.” కూతురు లోపలికి పోయేదాకా ఆగాడు. “ఒక దినం పొద్దున్నే పోయి దాని కిందే నిలబడుకున్నాను. మన పటం చూసి జనం ఏమంటారో విందామని ఆశ. మంచోడంటారా, పీడ వదిలిందంటారా అని. పొద్దుగూకేదాకా నిలబడినాను. వచ్చినారు, పోయినారు. పటం చూసినారు, నన్ను చూసినారు. మొరప్పూర్ బస్సు పోయిందా అని అడిగినారు. అంతే మా. ఇంకేం లే.”

ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

“దీంట్లో నవ్వేదేముండాదో నాకు తెలీలే” అన్నాడు. “సరోజ నవ్విందంటే సరే. అది నవ్వితే నాకు కోపం రాదు.”

పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. నాలుగో విమర్శకుడు చెప్పింది మిగతా ముగ్గురిలా పక్కన పారేయడానికి కుదరలేదు. ఆ రోజంతా ఫ్లెక్సీ కింద నిలబడిన ముసలాయనే కళ్లముందు ఉన్నాడు. సరోజకు ఈ సంగతి తెలుసా? తెలిస్తే అలా నవ్వేదా? అడగడానికి ఆమె లేదు.

హొగెనకల్

ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా అని చిన్నాయన కూతురు బస్సెక్కించింది. చూడకపోయినా బాగుండేది. జలపాతం మంచిదే, కావేరి రాళ్లను కోసుకుని పొగలా లేస్తుంది. కానీ అక్కడికి ఎవరూ ఒక్కరుగా రారు. గుండ్రటి బుట్ట పడవను పరిసల్ అంటారు, అది నలుగురైదుగురు ఉంటే గానీ కదలదు. పడవవాడు “ఒక్కరేనా?” అని, నన్ను ఒక కుటుంబానికి అంటగట్టాడు. వాళ్లు మంచివాళ్లే, వేపుడు చేపముక్క కూడా పెట్టారు. నది మధ్యలో ఫోను నా చేతికిచ్చి ఫోటో తీయమన్నారు. తీశాను. తీయగానే ఫోను తీసుకుని వాళ్లలో వాళ్లు చూసుకుని మురిసిపోయారు. పడవ తిరుగుతుంటే నాకు కళ్లు తిరిగాయి. పట్టుకోవడానికి పక్కన ఉన్నది వాళ్ల చిన్నపాప చెప్పుల సంచి.

ఒడ్డున ఒళ్లు పట్టేవాళ్లు నూనెసీసాలతో వెంటపడ్డారు. వద్దంటే ఒకతను, “మోకాలు నొప్పి ఉందిలే, మీ నడకలోనే తెలుస్తా ఉండాది” అని తెలుగులో అన్నాడు. ఆ తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది గానీ, మోకాలు మాత్రం ఇవ్వలేదు.

ఏ. పళ్లిపట్టి

సరోజ పుట్టిన ఊరు ఏ. పళ్లిపట్టి కూడలికి కూతవేటు దూరం. కూడలి అంటే నాలుగు వైపులా రోడ్లు, టీ కొట్లు, ఎరువుల అంగడి, ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు. ఈ చోటు నాకు చూడకముందే తెలుసు. టీ కొట్టు పక్కన కరెంటు స్తంభానికీ ఎండిన వేపమొద్దుకూ నడుమ కదూ చిన్నాయన బొమ్మ కట్టింది!

గోవిందమ్మ పొట్టిగా, గలగలా మాట్లాడే మనిషి. నన్ను చూడగానే “సాపాడు అయ్యిందాక్కా?” అంది. అయ్యిందన్నా మళ్లీ పెట్టింది. కర్రపెండలం ఉడకబెట్టి, మిరపకాయ పచ్చడి. మేం కూరకు వాడేది, వాళ్లు పలహారంగా తింటారు.

తిన్నాక, “సరోజ పటం మంచిది ఒకటీ లేదక్కా. పోయినసారి వేసింది మబ్బుమబ్బుగా పడింది. మీ దగ్గర ఉండాదా?” అని అడిగింది.

ఉంది. అందుకే తెచ్చాను. మా ఇంటి మేడమెట్ల మీద ఇద్దరం నిలబడిన ఫోటో. ఒకే కొట్లో కొన్న ఒకేరకం కళ్లజోళ్లు, ఒకేరకం ముడి. ఏళ్ల తరబడి ఒకే వంట తిన్నవాళ్లకు మొహాలు కూడా కలుస్తాయేమో. దాన్ని చూస్తుంటే మనసు కరిగి, “ఎక్కడ నిలబడినా నా కుడిపక్కనే నిలబడేది గోవిందమ్మా” అన్నాను. గోవిందమ్మ కళ్లు తుడుచుకుని, ఫోటోను ఫోనులో తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఫ్లెక్సీ కొట్టుకు మాటలు పంపుతున్నట్టు వినిపించింది. నేను చెయ్యి కడుక్కుంటున్నాను. కింద చిన్నబొమ్మల్లో నన్నూ పెడతారా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే పెట్టేవాళ్లే. అడిగి పెట్టించుకున్నాక ఇంకేముందని ఊరుకున్నాను.

ఆ రాత్రి గోవిందమ్మ సరోజ చీర ఒకటి నా మీద కప్పింది. దాన్ని ఇప్పటికీ దుప్పటిగా వాడుతున్నారట. నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

మొరప్పూర్ బస్సు కోసం

పొద్దున్నే పూజ అయింది. మొరప్పూర్‌లో రైలు అందుకోవాలని, కొట్టువాళ్లు తెల్లారే కట్టిపోయిన సరోజ ఫ్లెక్సీని దారిలో చూసుకుంటానని చెప్పి నేనొక్కదాన్నే కూడలికి వచ్చాను. టీ కొట్టు పక్కన, కరెంటు స్తంభానికీ వేపమొద్దుకూ నడుమ, కొత్త ఫ్లెక్సీ గాలికి ఉబ్బుతోంది.

దండ నడుమ నేనున్నాను.

కింద సరోజ పేరు. అంతవరకు తమిళం చదవగలను. పైన నా కళ్లజోడు, నా ముడి, నా మొహం. నా భుజం పక్కన సరోజ చీర కొంగు ముక్క ఒకటి కత్తిరింపులో మిగిలిపోయింది. కింద ఏడ్చేవాళ్ల వరసలో ఈసారీ నేను లేను. ఎందుకుంటాను, పోయినదాన్ని కదా!

గోవిందమ్మకు ఫోను చేశాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“అయ్యయ్యో! కుడిపక్క ఉండేదని సరిగ్గానే చెప్పినానే! మీరు చెప్పింది అదే గదక్కా?” అని ఏడుపు గొంతుతో అంది. నేను చెప్పింది అదే. కుడిపక్క అంటే ఎవరి కుడిపక్క అని నవల నిండా రాసిన మనిషికి, ఆ మాట అంటున్నప్పుడు గుర్తుకు రాలేదు.

“విప్పించేద్దామా?” అన్నాను.

“పూజ పెట్టి కట్టించినాం. మూడుదినాలు కాకుండా విప్పితే దోషమక్కా” అంది మెల్లగా. “మీకేమైనా బాధా?”

అంతే. బతికున్నవాడి బొమ్మను ఉంచే కుటుంబం ఎక్కడైనా ఉంటుందా అన్న ఆ మాసపత్రిక ఆవిడ మాట గుర్తొచ్చి, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఫోను పెట్టేసి, ఫ్లెక్సీ కింది రాయి మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆపుదామంటే ఆగలేదు. రెండేళ్లలో అలా నవ్వలేదు. అలవాటుగా కుడిపక్కకు తిరిగాను. పైన బొమ్మలో మిగిలిన చీర కొంగు ముక్క తప్ప ఏమీ లేదు.

ఎవరో నా వీపు మీద చెయ్యి వేశారు. పక్కన పూలబుట్ట పెట్టుకున్న నడివయసు మనిషి. నా మొహం చూసి, తల పైకెత్తి ఫ్లెక్సీ చూసి, మళ్లీ నా మొహం చూసింది. తమిళంలో ఏదో అడిగింది. “నాకు తెలుగే వస్తుందమ్మా” అన్నాను.

“మాదీ తెలుగే” అంది. “మీ అక్కా ఆ యమ్మ? అదే మొగం.”

నేను నవ్వుతున్నాను, ఏడవడం లేదు, అది నా బొమ్మే అని చెప్పాలి. చెప్పబోయాను. “అవును” అని వచ్చింది. “అక్క.”

“ఎంత కాలమాయ?”

“రెండేళ్లు.”

“రెండేళ్లయినా నిన్న మాదిరే ఉంటాది మా” అని నా పక్కన రాయి మీద కూచుంది. “ఒకే ఇంట్లో ఉండినారా?”

“ఒకే ఇంట్లో.”

ఆమె బుట్టలోంచి మూర మల్లెపూలు తుంచి నా ఒళ్లో పెట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో రానిది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు రానిది, నడిరోడ్డు మీద, నా చావు బొమ్మ కింద, పేరు తెలియని మనిషి భుజం మీద వచ్చింది.

హారన్ వినిపించింది. బస్సు అద్దం మీద మొరప్పూర్ అని రాసుంది. తడబడుతూ సంచి కోసం లేవబోయాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

“ఏడ్చేసి పోండి మా” అంది. “ఈ బస్సు పోతే ఇంకోటి వస్తాది.”